పీతని ఎందుకు వదిలేసినావు?

"ప్లగ్గు మీద చెయ్యేస్తే కొరుకుతా!"

వినీల అన్నంత పనీ చేసేదే. ముత్తుకూరు రొయ్యల ల్యాబులో పాత కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడింది. ఎదురుగా బెన్హర్. మైపాడు చెరువుల్నుంచి శాంపిళ్లు తెచ్చే మనిషి.

"నాకేం సరదానా మేడం? గిరిబాబు గారే తీసెయ్యమన్నాడు. మూడు నెల్లయినా మీ మిషను ఏమీ కనిపెట్టలేదంట."

"ల్యాబు ఆయనదే. కానీ శనివారం దాకా గడువిచ్చినాడు. ఈరోజు గురువారం. పో!"

బయట వాన దంచుతా ఉంది. పోయేదానికి లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, కళ్లతోనే నవ్వతా. ఆ నవ్వుకి వినీలకి ఒళ్లు మండింది. మంట ఒక్కటే అయ్యుంటే బాగుండేది.

"ఇంతకీ ఏం చేస్తది ఇది?"

"జబ్బు పడిన చెరువులో కొన్ని రొయ్యలు బతికినాయి. వాటిల్లో ఒక ప్రోటీన్ దొరికింది. దాని పనేందో ఎవురికీ తెలీదు. ప్రోటీన్ అంటే పొడుగాటి అక్షరాల వరస అనుకో. ప్రపంచంలో ల్యాబులన్నీ రోజూ కొత్త వరసలు డేటాబేస్‌లో పోస్తానే ఉంటాయి. నా ప్రోగ్రాం వారం వారం దానంతటదే పోయి పోలికున్నవి వెతుకుతది. పని తెలిసిన చుట్టం ఒకటి దొరికితే మనదాని పనీ తెలుస్తది."

"మరి దొరకలేదే?"

"దొరకతది!"

బెన్హర్ స్క్రీన్ మీదికి వంగినాడు. "అన్నీ రొయ్యలేనా? పీతని ఎందుకు వదిలేసినావు?"

మేడం అనే పిలుపు ఎగిరిపోయింది. ఇద్దరూ గమనించలేదు.

"అన్నీ కలిపితే చెత్త వస్తదని రొయ్యల వరకే పెట్టినా. నీకేం తెలుసని?"

"చెరువు చుట్టూ పీతలు రాకుండా వల కట్టేది నేనే. ఎందుకు కడతామో తెలుసా? రొయ్యని చంపే జబ్బుని మోసుకొస్తది పీత. అది మాత్రం దర్జాగా తిరగతానే ఉంటది. ఆ జబ్బుతో బతకడం తెలిసింది దానికే. దాన్ని అడగవా?"

వినీల కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఆమె ఎమ్మెస్సీలో పీతల వల లేదు మరి.

"తప్పు నాదే," అనేసి, పీతల్ని కూడా కలిపి వెతకమని పెట్టింది.

శుక్రవారం సాయంత్రానికి ఒక వరస వచ్చింది. పీతదే! క్రిమిని కణంలోకి రానీకుండా అడ్డుకునే ప్రోటీన్. డేటాబేస్‌లో చేరి తొమ్మిది రోజులే. దాన్ని పట్టుకుని వెతికితే ఇంకో పదకొండు చుట్టాలు.

వినీల అరిచిన అరుపుకి బెన్హర్ చేతిమీద టీ ఒలికింది. కాలిందేమోనని చెయ్యి పట్టుకుంది. చూసి వదిలెయ్యాల. వదల్లేదు.

శనివారం గిరిబాబు రిపోర్టు చదివి మురిసిపోయినాడు. చివర్లో మొహం చిట్లించినాడు. "ఈ బెన్హర్ పేరేంది? వలలు కట్టేవాడు! కొట్టెయ్."

"కొట్టెయ్యను సార్. ఆయన అడిగిన ప్రశ్న మనం చదువుకున్నోళ్లం ఒక్కరం కూడా అడగలేదు."

"అయితే మిషను తీయిస్తా."

"తీయించండి. రిపోర్టు కూడా ఉండదు."

గిరిబాబు ఆమెని చూసినాడు, కాగితాన్ని చూసినాడు. గొణుక్కుంటా సంతకం పెట్టినాడు.

గేటు బయట బెన్హర్ ఎగిరిపడినాడు. "నా పేరు కోసం మిషనే పోగొట్టుకునేదానివి! పిచ్చా నీకు?"

"రిపోర్టులో ఒక్కటే కాదు, యాడైనా నా పక్కన నీ పేరే ఉండాల. మా ఊరు బుచ్చిలో నాయన ఒప్పుకోడు. చర్చికి పోయే ఇంటికి పిల్లనివ్వనంటాడు. నేను తగ్గను. నువ్వు?"

బెన్హర్ ఆమె పక్కకొచ్చి నిలబడినాడు. "తగ్గను. కానీ మైపాడులో మా అమ్మకి చెప్పాలంటే భయం."

"నేను చెప్తా."

"ఎప్పుడు?"

నెల్లూరు బస్సొచ్చి ఆగింది. వినీల ముందు ఎక్కింది. "రెండు టికెట్లివ్వన్నా. నెల్లూరులో మైపాడు బస్సు దొరకతది కదా?"