పద్మనాభయ్య గారి ఏడో పెట్టె

"పటం వాళ్ళ చేతికి చిక్కకూడదు. వేరే దారి లేకపోతే పెట్టెతో సహా తగలబెట్టు," అంటూ చీఫ్ ఒక సిగరెట్ లైటర్ బల్ల మీదుగా తోశాడు. నొక్కితే మూడడుగుల మంట చిమ్మే లైటర్ అది.

1965 సెప్టెంబరు. ఏజెంట్ విజయభాస్కర్ మద్రాసులో నెల్లూరు రైలెక్కాడు.

డాక్టర్ పద్మనాభయ్య వేల ఏళ్ళ కిందటి వాతావరణాన్ని పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. తీరమంతా ఇనుప గొట్టాలు దించి, అడుగు మట్టి పైకి తీసి, ఏ కాలంలో వానలు పడ్డాయో, సముద్రం ఎంత వెనక్కి పోయిందో తేల్చాడు. ఆ పనిలోనే సముద్రంలో మునిగిపోయిన పాత నది లోయ ఒకటి బయటపడింది. శత్రు సబ్‌మెరైన్ ఎవరి కంటా పడకుండా ఒడ్డుదాకా రావడానికి అది రహదారి. ఆయన పోయి నెలయింది. కాగితాల పెట్టెలు ముత్తుకూరులోని ఆయన ఇంట్లో, ఇరవై ఏళ్ళు ఆయనకు సహాయకురాలిగా పనిచేసిన మస్తానమ్మ కాపలాలో ఉన్నాయి. ఆ లోయ పటం ఏడో పెట్టెలో ఉంది.

విజయభాస్కర్ చెదల మందు కొట్టేవాడి వేషంలో మధ్యాహ్నానికి అక్కడికి చేరాడు. వరండాలో నల్లకళ్ళద్దాలు, నీలం పట్టుచీరతో ఎలిశబెతు కూర్చుని ఉంది. కాలేజీ లెక్చరర్ పేరుతో ముందే వచ్చిన డిపార్ట్‌మెంట్ మనిషి.

"వాగులో నీళ్ళు తగ్గాయా?" అన్నాడతను.

"కార్తీకం దాకా తగ్గవు," అందామె.

కోడ్ సరిపోయింది. మస్తానమ్మ ఏడో పెట్టె తెరిచింది. అతను లోపలున్న పటం మీద చెయ్యి వేశాడో లేదో, ఎలిశబెతు హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు పైకి లేచింది.

"ఇలా ఇవ్వు. లాంచీ ఆగి ఉంది."

రెండు వైపులా జీతం తింటున్న మనిషని అప్పటికి గాని అతనికి తెలియలేదు. లైటర్ తీసి నొక్కాడు. మస్తానమ్మ వచ్చి మంటకూ పెట్టెకూ మధ్య నిలబడింది.

"ఆర్పు నాయనా. దీనికోసం సారు బురదలో నిలబడి నిలబడి కాళ్ళు పోగొట్టుకున్నాడు. నువ్వు కాల్చేదీ లేదు, ఈమె ఎత్తకపోయేదీ లేదు."

"తప్పుకో, ముసలిదానా," అంది ఎలిశబెతు.

"తప్పుకోను."

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. మస్తానమ్మ గోడకు ఆనించి ఉన్న, సారు మట్టి తీసిన ఇనుప గొట్టాన్ని రెండు చేతులా ఎత్తి ఎలిశబెతు మణికట్టు మీద దించింది. గుండు పైకప్పులోకి దూసుకుపోయింది.

విజయభాస్కర్ ఎలిశబెతుకు బేడీలు వేసి, పోలీసులను ఒడ్డున కాపు పెట్టించి, ఆమె లిప్‌స్టిక్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్‌లోనే లాంచీలోని వాళ్ళను ఒడ్డుకు రమ్మని కబురు పంపాడు. లాంచీ దిగిన ముగ్గురు విదేశీయులూ కాచుకుని ఉన్న పోలీసుల చేతుల్లో పడ్డారు.

అతను పటం అందుకోబోయాడు. మస్తానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"రసీదు రాసిచ్చి తీసకపో. ముందు ఆ మందు చేతులు కడుక్కోని రా."

మూడు దేశాల పోలీసులకు లొంగని ఏజెంట్ బావి వైపు నడిచాడు.