డమ్మీ కూర్చున్న గది

పామిడిలో మూతబడిన శెనగకాయల మిల్లు వెనక ఒక పేకాట గది ఉండాది. పొద్దు గుంకితే ఆ దారిన ఎవరూ పోరు.

ఆ గదిలోనే తిమ్మప్ప ప్రాణం పోయింది... బ్రిడ్జి అనే పేకాట ఆడతా ఆడతా. ఆ ఆటలో ఎన్ని పట్లు గెలుస్తామో ముందుగా వేలంలాగా పాట పాడతారు; ఆ పాట గెలిచినోని జోడీ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి, ఆట ముగిసేదాకా నోరు మెదపకుండా కూర్చోవాల. డమ్మీ అంటారు. ఆ పొద్దు డమ్మీ తిమ్మప్ప. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "ఎంత మర్యాదస్తుడప్పా!" అని మెచ్చుకుంటానే ఆట ముగించినారు. మళ్లీ ముక్కలు పంచినాక గానీ... ఆయన చెయ్యి చల్లబడిందని ఎవరికీ తెలీలేదు.

ఈమధ్య రాత్రిపూట ఆ గదిలోంచి పాట వినిపిస్తాండాదని ఊర్లో గుసగుస — "ఒక ఇస్పేటు..." అని, సన్నగా.

ఊరి క్లబ్బులో బ్రిడ్జి ఆడే సోమప్పకు దయ్యాలంటే వణుకే. కానీ ఆయన బాధ వేరే. జోడీ ఒక ఇస్పేటు అంటే ఈయన నాలుగు ఆఠీన్లు అంటాడు. జోడీ చాలని పాస్ చెబితే ఈయన అయిదు అంటాడు. ఓడినాక తప్పంతా ముక్కలది. జోడీగా కూర్చునే బామ్మర్ది వెంకటప్ప విసిగిపోయి చెప్పేసినాడు: "బావా, ఆదివారం అనంతపురంలో పోటీ. నీ పాట మారకపోతే నేను వేరే జోడీని చూసుకుంటా."

ఏండ్లనాటి కుర్చీ పోతే క్లబ్బులో తలెత్తుకునేదెట్లా? బతికున్నోళ్లను అడిగి నేర్చుకుందామంటే నామోషీ. దయ్యమైతే... ఎవరికీ చెప్పదు కదా!

ఆ రాత్రి ఆంజనేయస్వామిని తలుచుకుంటా బయల్దేరినాడు. దయ్యాన్ని తరిమే నిమ్మకాయ జేబులో వేసుకుని, దయ్యం దగ్గరికే పాఠానికి పోయినాడు, పాపం.

కిటికీ దగ్గరికి చేరినాడు. లోపల ముక్కలు కదిలిన చప్పుడు... ఆగిపోయింది. కటిక చీకటి.

"తిమ్మప్ప మామా..." అని మెల్లిగా పిలిచినాడు. "నా పాట యాడ తప్పుతాండాది?"

గాలి లేదు. కుక్క అరుపు కూడా లేదు.

"ఎదుటోళ్లు చెప్పేది ఇనవు," అనింది చీకట్లోంచి ఒక సన్నని గొంతు.

సోమప్ప గోడ పట్టుకున్నాడు. "ఇంగా...?"

"చేతిలో లేనిది ఉన్నట్టు గొప్పలు పోతావు. బోల్తా పడితే పక్కోళ్ల మీద అరుస్తావు. చేసేముందర ఒక్క మాట అడగవు."

ఆయన కండ్లలో నీళ్లు తిరిగినాయి. "ఇంత విడమరిచి నాకెవరూ చెప్పలేదు సామీ!" అని కిటికీకి దండం పెట్టినాడు.

లోపల ఎవరో... పకపకా నవ్వినారు.

సెల్లు వెలుగు పడింది. బల్లకు ఒకపక్క వెంకటప్ప, పొట్ట పట్టుకుని. ఎదురుగా, జోడీ కూర్చునే కుర్చీలో, చేతినిండా ముక్కలతో... సోమప్ప పెండ్లాం పుష్పావతి! అడుగుల చప్పుడు విని సెల్లు బోర్లించి కూర్చున్నారంట.

"ఎవరూ రాని చోటని ఈడ నేర్పిస్తాండా," అన్నాడు వెంకటప్ప. "అక్క పాట బాగుండాది బావా. ఆదివారానికి మా ఇద్దరి పేర్లే ఇచ్చేసినా."

సోమప్ప కుర్చీ సంగతే మరిచిపోయినాడు. పెండ్లాం మొగం వంక చూసి అడిగినాడు.

"అంతసేపూ మాట్లాడింది నువ్వా? మరి... నీ గొంతు నాకు తెలీలేదేమే?"

పుష్పావతి ముక్కలు సర్దుకునింది.

"ఇంట్లో ఎప్పుడన్నా ఇనింటే కదా!"