చిలకపచ్చ లైనింగ్

సోమవారం పొద్దున్న భోగాపురం బీచ్ రిసార్టులో ఏజెంట్ భాస్కర్ కోటు గుండీ విప్పాడు. లోపల బూడిద రంగు లైనింగ్. అంతే, ఎవరో చిన్నగా దగ్గినట్టు సైలెన్సర్ పిస్టల్ చప్పుడు. నవ్వుతూ వెళ్లిన మనిషి, పాపం, తివాచీ మీద బోర్లా పడ్డాడు.

గురువారం ఎనిమిదింటికి చీపురుపల్లి స్టేషన్ వెయిటింగ్ రూములో చీఫ్ గణపతిరావు ఇడ్లీ పొట్లం విప్పుతూ ఏజెంట్ ఉమాశంకర్‌కి బ్రీఫింగ్ ఇచ్చాడు.

"మన తీరం రాడార్ ప్లాను భాస్కర్‌ని చంపిన విదేశీ ముఠా చేతిలో ఉంది. ఈ రోజు మూడింటికి అదే రిసార్టులో అమ్మేస్తోంది. కొనేవాణ్ని మనం పట్టేశాం. వాడి ముఖం ముఠాకి తెలీదు. వాడి బదులు నువ్వెళ్లు. గుర్తు, కోటు లైనింగ్ రంగు. ఇరువైపులా ఒకటే ఉండాలి. మీటింగ్ మీటింగ్‌కీ మారుస్తారు. ఇవాళ మెరూన్."

"ఎవరు చెప్పారు సార్?"

"ముఠాలో మన మనిషి. ఝాన్సీ."

"భాస్కర్‌కి బూడిద రంగు చెప్పిందీ ఆవిడేగా?"

"అప్పుడు వాళ్లు ఆఖరి నిమిషంలో మార్చేశారట. మెరూన్. ఇది ఆర్డర్."

ఉమాశంకర్‌కి పుట్టి పెరిగిన ఊరు కదా, ఒకటి తట్టింది. రంగు మారితే లైనింగ్ విప్పి కుట్టాలి. ఈ చుట్టుపక్కల కోటు పొట్ట విప్పి మళ్లీ మూయగలిగేది ఒక్కతే. బ్యాండుమేళం వాళ్ల కోట్లన్నీ కుట్టే గున్నమ్మ.

నల్ల కోటు పట్టుకుని వెళ్లేసరికి గున్నమ్మ మిషను ముందే ఉంది.

"ఏటి బాబూ, లోపలి గుడ్డకి ఇంత ఆలోసనేటి? ఎవులు సూస్తారు?"

"ఇయ్యేల నలుగురు సూస్తారు మామ్మా."

"అయితే కూకో."

కూర్చున్న చోట కింద పీలికల బొంత. ఆవిడ దగ్గర గుడ్డముక్క వృథా పోదు, కత్తిరించిన ప్రతి పీలికా ఆ బొంతలోకి చేరాల్సిందే. అంచున జారిపోయే మెత్తటి లైనింగ్ ముక్కలు రెండు వరసలు, కొత్తవి. ఒకటి నీలం, ఒకటి చిలకపచ్చ.

"ఇయ్యెప్పటివి మామ్మా?"

"నీలం ఆదోరం నాడు. మూడు కోట్లు. పచ్చది నిన్న, మల్లీ ఆ మూడు కోట్లే. కారులో వొక పొడుగుపాటి పిల్ల తెచ్చింది. నల్ల కళ్లజోడు, బొగ్గలో సొట్ట. దగ్గరుండి కుట్టించుకెళ్లింది."

ఫైలు ఫోటోలో చూసిన ఝాన్సీయే. ఆదివారమే నీలం కుట్టించి, భాస్కర్‌కి బూడిద రంగు చెప్పింది. ఇరువైపులా డబ్బు తింటోంది. మనవాణ్ని తాను పట్టిస్తే, నీకెలా తెలుసని ముఠా అడుగుతుంది. అందుకే రంగు చేత చంపిస్తోంది.

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"పీలికలు చూసి ఆపరేషన్ నడపం ఉమాశంకర్. మెరూన్."

"వెయ్యను సార్. చచ్చేది నేను. రంగు నేనే ఎంచుకుంటాను."

ఫోన్ పెట్టేశాడు. "చిలకపచ్చ వెయ్యి మామ్మా."

మూడింటికి, ఆ కొనేవాడిలా, రొయ్యలు ఎగుమతి చేసే పెద్దమనిషి వేషంలో రిసార్టు గదిలో నిలబడ్డాడు. ముగ్గురు మనుషులు, మూడు పిస్టళ్లు, పక్కన ఝాన్సీ. తెల్లజుట్టు నాయకుడు కోటు తెరిచాడు. చిలకపచ్చ. ఉమాశంకర్ తన గుండీ విప్పాడు. చిలకపచ్చ.

నాయకుడు తలూపి, డబ్బు పెట్టె అందుకుని, ప్లాను ఉన్న పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. ఝాన్సీ బుగ్గలో సొట్ట మాయమైంది. ఆవిడ చెయ్యి మెల్లిగా హ్యాండ్‌బ్యాగులోకి దిగుతోంది. ఇక ఒక్క సెకను.

"క్షమించండి మేడమ్," అన్నాడు అందరికీ వినపడేలా, "మీరు చెప్పిన మెరూన్ నాకు నప్పదు."

నాయకుడు గిర్రున తిరిగాడు. "మెరూనా? ఎవరికి చెప్పావు?"

మూడు పిస్టళ్లూ ఝాన్సీ వైపు తిరిగాయి. ఉమాశంకర్‌కి కావలసింది ఆ తిరగడమే. కోటు చేతికి కుట్టిన పొగబాంబు గుండీ నొక్కాడు. గది నిండా పొగ. కారిడార్లో కాచుకున్న కమాండోలు తలుపు విరగ్గొట్టారు. పొగ తేరేసరికి నలుగురి చేతులకీ బేడీలు, పెన్‌డ్రైవ్ ఉమాశంకర్ గుప్పిట్లో.

గణపతిరావు లోపలికొచ్చి ప్లాను చూసుకుని, గొంతు సవరించుకున్నాడు. "ఆర్డర్ ధిక్కరించావు. మెమో తప్పదు."

"ఇవ్వండి సార్. కానీ ఈ కోటుకి లోపలి జేబు పెట్టించలేదు. మీ దగ్గరే ఉంచండి."