ఆఖరి దీవి

రేడియో మాస్టారు మేడమీది గదిలో, బల్ల పక్కన నేల మీద వెల్లకిలా పడి ఉన్నారు. ప్రాణం లేదు.

ఇన్‌స్పెక్టర్ లోపలికి అడుగుపెట్టగానే ఆమెకు వేడెక్కిన తీగల వాసన కొట్టింది. బల్ల మీద రేడియో సెట్, టీటీమని సందేశాలు కొట్టే మోర్స్ కీ, ఎవరూ తాగని టీ. గోడ నిండా కార్డులు. రేడియోలో ఏ దేశంవాడు దొరికితే వాడు పంపే కార్డులవి. అన్ని దేశాలూ, దీవులూ పూర్తి చేసినవాడికి అవార్డు ఇస్తారు. సొంత సెట్లతో దేశదేశాల వాళ్ళని పలకరించే హామ్ రేడియో వాళ్ళకి అంతకు మించిన మోక్షం లేదు.

కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ బల్లకి దగ్గరగా లాగి ఉంది. మాస్టారి తెల్ల చొక్కా చేతి మీద నల్లటి దుమ్ము గీత ఒకటి అడ్డంగా పోయింది. ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. ఫోటో తీసుకుంది.

గుమ్మం దగ్గర మాస్టారి అక్క శాపనార్థాలు పెడుతోంది.

"పైన నా తమ్ముడు గిలగిల్లాడుతుంటే కింద ఇది మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటోంది మేడమ్! ఇదే చంపేసింది. కేసు రాసుకోండి."

మాస్టారి భార్య గోడకి ఆనుకుని నిలబడింది. కళ్ళలో తడి లేదు.

"మీకేమీ వినపడలేదా?"

"వినపడింది మేడమ్. కీ చప్పుడు. టీటీ అని స్పీకర్లో మోగుతూనే ఉంది. అది మోగుతోందంటే ఆయన బాగున్నట్టే నాకు."

"ఎంతవరకు మోగింది?"

"నాలుగున్నర దాకా. ఐదింటికి టీ తెస్తే ఇలా..."

పక్కింటి లెక్చరర్ పిట్టగోడ అవతలి నుంచే సాక్ష్యం చెప్పాడు. నాలుగింటికి ధబ్బున చప్పుడైందట. కుర్చీ పడిందనుకున్నాడట.

"వెళ్ళి చూడలేదా?"

"నాకెందుకండీ? వాళ్ళ రేడియో వల్ల మా టీవీ నిండా చారలు. ఇవాళ కూడా నాలుగున్నర దాకా అదే గోల. పోయినాయన మంచివాడే అనుకోండి. ఇకనైనా సీరియల్ కుదురుగా చూసుకోవచ్చు."

ఇన్‌స్పెక్టర్ రెండు టైములూ రాసుకుంది.

మర్నాడు డాక్టర్ రిపోర్ట్ వచ్చింది. గుండెపోటు. పడిపోయాక దాదాపు అరగంట ఊపిరి ఉంది. వెంటనే ఆస్పత్రికి చేరిస్తే బతికేవాడు.

"నాలుగింటికే పడిపోయినవాడు నాలుగున్నర దాకా కీ ఎలా కొడతాడు?" అని అక్క ఎగిరిపడింది. "పచ్చి అబద్ధాలు!"

మాస్టారి భార్య తల వంచుకుంది. "నా చెవులే నన్ను మోసం చేశాయేమో మేడమ్. నేనే చంపుకున్నానేమో."

అంతలో రేడియో క్లబ్ సెక్రటరీ పరామర్శకి వచ్చాడు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు మాస్టారిని ఆకాశానికెత్తాడు. ఆ నోటితోనే, "వదినగారూ, ఆ సెట్ ఎవరికైనా ఇచ్చేస్తారా?" అని అడిగాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగే రకం. ఇన్‌స్పెక్టర్‌కి అతని మొహం చూడబుద్ధి కాలేదు. కానీ చూసింది.

తర్వాత వీధిలోకి వెళ్ళి మేడ మీదున్న యాంటెన్నా వైపు చాలాసేపు చూసింది. దాన్ని మోటారుతో ఏ దిక్కుకంటే ఆ దిక్కుకి తిప్పుకోవచ్చు. ఇప్పుడది సముద్రం వైపు తిరిగి ఆగి ఉంది.

సాయంత్రం అందరినీ మేడమీది గదికి పిలిచింది.

"సెక్రటరీగారూ, అవార్డుకి మీకింకా ఎన్ని మిగిలాయి?"

అతని మొహం వెలిగిపోయింది. "ఒక్కటి కూడా లేదు మేడమ్! మొత్తం పూర్తి."

"ఆఖరిది ఏది?"

"సముద్రం మధ్యలో మనుషుల్లేని దీవి మేడమ్. పదేళ్ళకోసారి ఎవరో వెళ్ళి, వారం రోజులు రేడియో పెడతారు."

"ఎప్పుడు దొరికింది?"

"నిన్న, మంగళవారం. వాళ్ళకదే చివరి..."

సెక్రటరీ ఆగిపోయాడు. మాస్టారు పోయింది మంగళవారమే.

"ఎక్కడి నుంచి? మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు మీ యాంటెన్నా పీకించి ఆర్నెల్లయింది. మీ క్లబ్‌లోనే చెప్పారు."

ఇన్‌స్పెక్టర్ గోడ మీది కార్డు ఒకటి చూపించింది.

"ఆ దీవి కార్డు ఇదిగో. మాస్టారికి పన్నెండేళ్ళ కిందటే వచ్చింది. ఆయనకి యాంటెన్నా అటు తిప్పే అవసరం లేదు. ఇంకెవరికో ఉంది. నాలుగున్నర దాకా ఇక్కడి నుంచి సిగ్నల్ వెళ్ళింది. పక్కింటి టీవీయే సాక్ష్యం. ఈవిడ చెవులు సరిగ్గానే విన్నాయి. కీ మోగింది. కొట్టింది మాస్టారు కాదు."

అక్క మరదలి వైపు చూసింది.

"కుర్చీ మీంచి పడ్డ మనిషి కుర్చీని బల్ల దగ్గరికి లాక్కోడు. ఇంకెవరో లాక్కున్నారు. దాని చక్రం ఆయన చెయ్యి మీద నుంచే పోయింది. చెయ్యి పక్కకి తీయడానికి కూడా తీరిక లేకపోయిందా?"

సెక్రటరీ నేల మీద కూలబడ్డాడు.

"ఒకసారి సెట్ వాడుకుంటానని వచ్చాను మేడమ్. సందులోని ఇనుప మెట్ల మీంచి. చూస్తే పడి ఉన్నాడు. యాంటెన్నా అటు తిప్పితే దీవి వినిపిస్తోంది. ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత అందరినీ పిలుద్దామనుకున్నాను. ప్రపంచమంతా ఎగబడుతున్నారు, నా సిగ్నల్ వాళ్ళకి అందదే! అందేసరికి అన్నయ్యకి ఊపిరి లేదు. భయమేసి వెళ్ళిపోయాను." కళ్ళు తుడుచుకున్నాడు. "రూల్ ప్రకారం నా కాల్‌సైన్‌తోనే, నాకిచ్చిన గుర్తింపు కోడ్‌తోనే చేశాను మేడమ్. అది చెల్లుతుంది కదా?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఇన్‌స్పెక్టర్ హంతకుల పక్కన కూర్చుని టీ తాగింది. ఇతని పక్క నుంచి మాత్రం రెండడుగులు వెనక్కి జరిగింది.

మాస్టారి భార్య మొదటిసారి అతని వైపు తిరిగింది.

"ఆయనకి తెలివుందా అప్పుడు?"

అతను తలూపాడు.

"ఏమైనా అన్నారా?"

"మీ వదినని పిలువు అన్నాడు."

"ఒక్కసారేనా?"

అతను తల ఎత్తలేదు. "కాంటాక్ట్ దొరికే ముందు దాకా అంటూనే ఉన్నాడు."

అక్క మరదలి చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చూసుకోలేదు.

"కిందే ఉన్నాను కదయ్యా," అంది అతనితో. "ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని."