రేపు రావలసిన మనిషి

"మీరు రావాల్సింది రేపు కదండీ?"

సైకిలుకు స్టాండు వేయకుండానే అడిగింది వీరదుర్గ. కైకలూరు దాటాక, చేపల చెరువు గట్టు మీద అభినవ్ నిలబడి ఉన్నాడు. ఆమె పంచిన లైఫ్ జాకెట్ల వల్ల చెరువు పనివాళ్ళ అలవాటు మారిందో లేదో చూడటానికి ఏలూరు ఆఫీసు పంపిన మనిషి.

"రేపని చెప్పి ఇవాళ రావడమే నా పనండీ."

"అంటే మమ్మల్ని నమ్మరన్నమాట."

"మిమ్మల్ని నమ్ముతానండీ. చెప్పి వచ్చిన రోజును నమ్మను."

ఆమెకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. చెరువు వైపు చెయ్యి చూపింది. దూరంగా నీళ్ళ మీద ఆరంజి జాకెట్లు ఎండకు మెరుస్తున్నాయి.

"చూశారా? అందరూ వేసుకున్నారు."

నిరుడు మేత చల్లుతూ పడవ మీంచి జారి, ఆమె తమ్ముడు దుర్గేష్ ఈ చెరువులోనే పోయాడు. ఆ తర్వాతే ఆమె ఈ పనిలో చేరింది. ఆ సంగతి అభినవ్‌కీ తెలుసు.

అతను కళ్ళు చికిలించి చూశాడు. "ఏవండీ, వాళ్ళెవరూ కదలడం లేదేంటి?"

పడవలో దగ్గరికి వెళ్ళారు. నీళ్ళలో పాతిన కర్రలు, వాటికి గడ్డి తలలు, ఆ తలల కింద లైఫ్ జాకెట్లు. పక్క పడవలో చెరువు పనివాడు దుర్గారాజు ఒట్టి బనీనుతో మేత బస్తా ఎత్తుతున్నాడు.

"ఈ రంగుకి చేపలు తినే నీటికాకులు రావట్లేదమ్మా," అన్నాడు సంబరంగా. "మంచి వస్తువిచ్చావు."

"బాబాయ్, అవి మీకిచ్చాను."

"బస్తా ఎత్తితే మెడకి అడ్డమొస్తాయమ్మా. నువ్వు వస్తానని చెప్పిన రోజున వేసుకుంటాం కదా, నీ మొహం చూసి."

వీరదుర్గ అభినవ్ వైపు తిరిగి, "ఇదంతా రిపోర్టులో రాసేస్తారా?" అంది.

"రాస్తానండీ. రాయకపోతే రేపు ఇంకో ఊళ్ళోనూ ఇవే పంచుతారు. అక్కడా ఒక తమ్ముడుంటాడు."

అభినవ్ ఒక బొమ్మ మీది జాకెట్టు విప్పి తొడుక్కున్నాడు. ఆ జాకెట్టుతోనే దుర్గారాజు పడవలోకి దాటి, మేత బస్తా భుజానికెత్తబోయాడు. జాకెట్టు గడ్డానికి తన్నింది. పడవ ఊగింది. మరుక్షణం అతను నీళ్ళలో ఉన్నాడు.

వీరదుర్గ కెవ్వుమంది. "ఈతొచ్చా మీకు?"

"రాదండీ!" అన్నాడు, తేలుతూనే.

ఆమె రెండు చేతులతో అతని చెయ్యి పట్టి లాగింది. పడవలోకి ఎక్కాక కూడా వదల్లేదు.

"తేలుస్తోందండీ," రొప్పుతూ అన్నాడు. "మెడ దగ్గర తగ్గించి కుట్టించాలి, అంతే. కుట్టించాక మళ్ళీ వచ్చి చూస్తాను. ఆఫీసు పంపకపోయినా వస్తాను."

వీరదుర్గ పమిటతో కళ్ళు తుడుచుకుంది.

"చెప్పకుండా రండి. చెప్పి వస్తే, మంచి చీర కట్టుకుని నవ్వుతూ ఎదురొస్తాను. మీరు నమ్మరు."