చెరిపేసిన వరుస

గ్రహణం పట్టే మంగళవారం దేవరకొండ బజారు మధ్యాహ్నానికే మూతపడింది. ఆ పూట రక్తపరీక్షల ల్యాబ్‌కు పేషెంట్లెవరూ రారు. రిపోర్టులుండే సర్వర్‌ను పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మార్చడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని అక్కడ కంప్యూటర్ పని కూడా చూసే మనస్విని ఓనర్‌ను ఒప్పించింది. సెలవు రోజు కూడా పనిచేస్తోందని ఆయన మురిసిపోయాడు, పాపం!

అసలు సంగతి వేరు. కిందటి నెల రక్తం గొట్టాలకు స్టిక్కర్లు అంటిస్తూ ఫోన్లో కబుర్లలో పడి రెండు పేర్లు తారుమారు చేసింది మనస్వినే. కౌసల్య అనే కూలి మనిషికి డెంగీ లేదని రిపోర్టు వెళ్ళింది. నాలుగో రోజు ఆమె చనిపోయింది. స్టిక్కర్లు ఎవరు వేశారో చెప్పే వరుసను మనస్విని డేటాబేస్‌లోంచి చెరిపేసింది. కానీ అందులో చెరిపినది వెంటనే పోదు, కంటికి కనపడదంతే. తెలిసినవాడు తవ్వితే పైకొస్తుంది. కొత్త వెర్షన్‌లోకి మాత్రం ఉన్న వరుసలే వెళ్తాయి, ఆ తర్వాత పాతదాన్ని తుడిచేస్తే పీడ విరగడ. కౌసల్య భర్త లింగస్వామి కంప్లైంటు ఇచ్చాడనీ, రేపు పోలీసులు మెషీన్ అడుగుతారనీ ఆమెకు ఉప్పందింది. మిగిలింది ఈ సాయంత్రమే.

కిటికీ అద్దాల్లో వెలుగు బూడిద రంగుకు తిరిగింది. మేడ మీది గదిలో మనస్విని నల్ల తెర మీద సర్వర్ ఆపమని కమాండ్ కొట్టింది. ఆగలేదు.

ఇంకా ఒకరు కనెక్ట్ అయి ఉన్నారట. ఎక్కడి నుంచి? కింద కౌంటర్ కంప్యూటర్ నుంచి.

మనస్వినికి ఒళ్ళు మండింది. స్టిక్కర్ల సంగతి ఆమె కాక తెలిసినవాడు టెక్నీషియన్ కృష్ణకాంత్ ఒక్కడే. వీడు కాపీ తీసుకుంటున్నాడా? ఫోన్ చేసింది.

"కృష్ణన్నా, కౌంటర్ కాడ కూసున్నవా? నన్ను ఇరికిచ్చి నువ్వు బయటపడుదామనా?"

"గ్రహణం పూట నేనెందుకొస్త? నా భార్య కడుపుతోటున్నది, తలుపులేసుకొని ఇంట్లనే ఉన్న." అతను గొంతు తగ్గించాడు. "నీ పక్కపొంటి ఎవలున్నరు?"

"ఎవ్వలు లేరు."

"ఎవలో ఆడమనిషి రిపోర్టు అడుగుతాంది గదా... జర చూడు."

భయపెట్టి పని ఆపించాలని చూస్తున్నాడు. ఠక్కున ఫోన్ పెట్టేసి మెట్లు దిగింది. కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. షట్టర్‌కు లోపలి తాళం అలాగే ఉంది. కంప్యూటర్ ప్లగ్గు పొద్దున ఆమే పీకేసింది, ఆ వైరు నేల మీదే పడి ఉంది. మరి కనెక్ట్ అయింది ఎవరు...?

పైకి పరుగెత్తింది. ఆ కనెక్షన్‌ను బలవంతంగా తెంపింది. సర్వర్ ఆగింది. వరుసలన్నీ కొత్త వెర్షన్‌లోకి మార్చి, పాతది తుడిచేసి, ముందే రాసుకున్న లెక్కతో పోల్చి చూసింది.

పాతదాంట్లో నలభై ఒక్క వేల రెండు వందల ఆరు. కొత్తదాంట్లో నలభై ఒక్క వేల రెండు వందల ఏడు.

ఎక్కువైన ఆ ఒక్క వరుసను బయటికి తీసింది. పేరు: కౌసల్య. స్టిక్కర్ వేసినవారు: మనస్విని. రక్తం తీసిన సమయం... ఈ రోజే. పది నిమిషాల కిందట. గొట్టం ఉన్న చోటు: ఫ్రిజ్, రెండో అర.

ఇది కూడా కృష్ణకాంత్ పనే అయి ఉండాలి. అవ్వాలని మొక్కుకుంది. మూలనున్న ఫ్రిజ్ తలుపు లాగింది. చల్లటి గాలి మొహానికి కొట్టింది. రెండో అరలో ఒకే ఒక్క గొట్టం. దాని మీద కౌసల్య పేరు.

చేతిలోకి తీసుకుంది. చల్లగా లేదు.

వెచ్చగా ఉంది...

ఎడమ మోచేతి మడతలో ఏదో చురుక్కుమంది. కుర్తా చెయ్యి మెల్లగా పైకి జరిపింది. అక్కడ దూది పెట్టి ప్లాస్టర్ వేసి ఉంది. దూదిలో ఎర్రటి చుక్క ఇంకా పెరుగుతూనే ఉంది.