నవంబరు బండి

1989 అక్టోబరు. దసరా వెళ్లిన మూడో రోజు. ఉదయం 6.50.

తెనాలి చెంచుపేటలో సుందరరామయ్య శవం ఆయన కారు ముందే వెల్లకిలా పడి ఉంది. కుడి కణత లోపలికి దిగిపోయింది. దవడ పక్కకు తిరిగింది. షెడ్డు గచ్చు మీద పారిన రక్తం ముందు చక్రం కింద గడ్డకట్టింది.

కారు 1956 హార్ట్‌వెల్. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన పాత బండి. బంపరు మధ్య చిల్లులో స్టార్టింగ్ హ్యాండిల్ దూర్చి ఉంది. పిడి నిండా రక్తం.

పాత కార్లు ఎరిగినవాళ్లకి వేరే చెప్పాలా? హ్యాండిల్ తిప్పేటప్పుడు ఇంజను ఎదురు తన్నితే ఇనుప పిడి వెనక్కి తిరిగి కొడుతుంది. అలా చేతులు విరిగినవాళ్లు, పళ్లు రాలినవాళ్లు ఊరికిద్దరుంటారు. రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ సుందరరామయ్యకి ఏకంగా ప్రాణమే పోయిందని జనం తేల్చేశారు.

తేల్చి ఊరుకోలేదు. ఆ కారు చూసే మెకానిక్ తోమాసు. వాడు టైమింగ్ సరిగా పెట్టకపోబట్టే ఇంజను తన్నిందని సుందరరామయ్య బావమరిది గౌరీశంకరం కేక పెట్టాడు. ఆ ఒక్క కేక చాలింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రంగనాయకులు జీపు దిగేసరికి పదిమంది తోమాసుని కరెంటు స్తంభానికి అదిమిపెట్టి కొడుతున్నారు. పై పెదవి చీలిపోయింది. ఒకడు అతని కుడి చెయ్యి అరుగు మీదకి లాగి ఇనుప రాడ్డుతో మోదాడు. ఎముక విరిగిన చప్పుడు జీపు దాకా వినిపించింది.

"ఆపండ్రా!"

లాఠీ రెండు వీపుల మీద పడ్డాక గానీ జనం కదల్లేదు. తోమాసుని జీపులోకి తోశారు. అతని భార్య రాహేలు జీపు కమ్మీ పట్టుకుని నిలబడింది.

రంగనాయకులు మంచివాడే. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

"ఎన్నింటికి వచ్చావురా?"

"ఆరున్నరకండి. ప్లగ్గులు చూడమన్నారండి. నేనొచ్చేసరికే పడిపోయున్నారండి."

"హ్యాండిల్ ఎవరు పెట్టారు?"

"ఆ కారుకి హ్యాండిలే లేదండి."

చెంప ఛెళ్లుమంది.

"కళ్ల ముందు రక్తం అంటిన ఇనుము కనపడుతుంటే లేదంటావా? నా చెవిలో పువ్వు పెడతావా?"

"ఆడు చెప్పేది కాస్త వినండి బాబూ" అంది రాహేలు.

జీపు కదిలింది.

మధ్యాహ్నం 12.40. ప్రభుత్వాసుపత్రి డాక్టరు చేతులు కడుక్కుంటూ బయటికొచ్చాడు.

"ఒక దెబ్బ కాదండి. మూడు. రెండోదీ మూడోదీ మనిషి కిందపడ్డాక కొట్టినవి."

పడిపోయినవాణ్ణి ఇంజను వెతుక్కుంటూ వచ్చి తన్నదు. ఇది హత్య. కేసు ఒక్కసారిగా తోమాసు మెడకి బిగుసుకుంది. శవం దగ్గర కనిపించినవాడు అతనొక్కడే. సాయంత్రం అయిదింటికల్లా నిందితుణ్ణి కోర్టులో పెట్టమని గుంటూరు నుంచి పై అధికారి ఫోను. వాణ్ణి మాకొదిలెయ్యండని స్టేషను బయట గౌరీశంకరం మనుషులు గోల.

రంగనాయకులు కేసు డైరీ తెరిచి మళ్లీ మూశాడు. ఏదో ముల్లు గుచ్చుకుంటోంది. హత్యని యాక్సిడెంటుగా నమ్మించాలనుకున్నవాడు ఏమంటాడు? హ్యాండిల్ తన్నిందంటాడు. అసలు హ్యాండిలే లేదని తన పీక తనే ఎందుకు కోసుకుంటాడు?

1.30కి మళ్లీ చెంచుపేట. వీధిలో ఇంకో 1956 హార్ట్‌వెల్ ఆగి ఉంది. అచ్చం అలాంటిదే. బాపట్ల మోతుబరి బసవేశ్వరరావుది. స్నేహితుడి చావు కబురు ఫోనులో విని పది గంటలకి వచ్చాడట. వరండాలో కూర్చుని ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

రంగనాయకులు లోపలికెళ్లి సుందరరామయ్య భార్య సావిత్రిని అడిగాడు.

"మీ కారుకి హ్యాండిల్ ఉండేదా అమ్మా?"

"నేనెరగను బాబూ. ఆయన నన్ను కారు ముట్టుకోనిచ్చేవారు కాదు. దసరాకి పసుపుబొట్టు పెడతానన్నా ఒప్పుకునేవారు కాదు, మెరుగు పోతుందని. దాని సంగతులన్నీ ఆ పుస్తకంలో రాసుకునేవారు."

నల్లట్ట నోటు పుస్తకం. మొదటి పేజీలో 'ఒకే ఏడాది, పదకొండు మార్పులు' అని ఉంది. పేరుకి అన్నీ 1956 బళ్లే. ఫ్యాక్టరీ మాత్రం చెప్పా పెట్టకుండా నెలకొకటి మార్చుకుంటూ పోయింది. మార్చిలో తలుపు పిడి. జూన్‌లో బానెట్టు గడియ. ఆయన ఒక్కటీ వదల్లేదు. రంగనాయకులు వేలు సెప్టెంబరు దగ్గర ఆగింది.

'ఇంజనుకి హ్యాండిల్ తగులుకునే పన్ను తీసేశారు. ఇక బటన్ నొక్కే సెల్ఫ్ ఒక్కటే. పాత బంపర్లు మిగిలిపోవడం వల్ల ఏడాది చివరిదాకా చిల్లు మాత్రం ఉంది. నాది నవంబరు బండి. బసవన్న బండి ఇంజను జనవరిది.'

రంగనాయకులు షెడ్డులోకి నడిచాడు. హ్యాండిల్‌కి గుడ్డ చుట్టి తిప్పాడు. బొక్కెన లేని గిలకలా ఊరికే తిరిగింది. ఆ కారుని హ్యాండిల్‌తో స్టార్ట్ చెయ్యడం బ్రహ్మతరం కూడా కాదు.

పిడి మొదట్లో ఎండిన రక్తాన్ని గోటితో గీకాడు. కింద కుంకుమ బొట్టు. దాని పక్కనే చుట్టిన పసుపు దారం. ఎవరో ఆయుధపూజ చేసిన హ్యాండిల్ అది.

తోమాసు చెప్పింది అక్షరాలా నిజం. రంగనాయకులుకి తన అరచేతి వంక చూసుకోవాలంటే సిగ్గేసింది.

గౌరీశంకరాన్ని పక్కకు పిలిచాడు.

"మీ బావకీ బసవేశ్వరరావుకీ ఏమైనా గొడవా?"

"ప్రాణస్నేహితులండి. పోయిన ఆదివారం రేపల్లెలో షష్టిపూర్తి భోజనాల దగ్గర మాత్రం కాస్త మాటా మాటా వచ్చిందండి. వాళ్ల నాన్న కొత్తదే కొన్న కారని బసవేశ్వరరావుగారు గొప్పలు పోతుంటే మా బావ లేచి, బానెట్టు అక్టోబరుది, తలుపులు జూన్‌వి, మీ నాన్న కొన్నది రెండు చచ్చిన కార్లని కలిపి కుట్టిన బొంతరా అన్నాడండి. పంక్తి అంతా పడీ పడీ నవ్వారు. ఈయన విస్తట్లోంచి లేచెళ్లిపోయాడండి."

"తరవాత?"

"మా బావ ఆగితేగా! తన కారు గురించి చెప్పుకుంటూనే పోయాడండి. చిల్లుందిగానీ పన్ను లేదని, ఏదేదో."

సాయంత్రం 4.10. రంగనాయకులు అందరినీ వీధిలోకి రమ్మన్నాడు.

"బసవేశ్వరరావుగారూ, ఉదయం ఎక్కడున్నారు?"

"బాపట్లలో. ఎనిమిదింపావుకి ఫోనొస్తే బయల్దేరాను."

"ఒకసారి కారు స్టార్ట్ చెయ్యండి."

"ఇప్పుడెందుకండీ?"

"చెయ్యండి."

బసవేశ్వరరావు ఎక్కి బటన్ నొక్కాడు. టక్కుమంది. అంతే.

"సెల్ఫ్ పోయి ఎన్నాళ్లైంది?"

"ఏడాది."

"మరి రోజూ ఎలా తీస్తున్నారు?"

"తోయించి" అన్నాడు బసవేశ్వరరావు. రంగనాయకులు వెళ్లి డిక్కీ ఎత్తాడు. జాకీ, స్పానర్లు, గాలి పంపు. అన్నిటికీ కుంకుమ బొట్లు, పసుపు దారాలు. జాకీ పక్కన హ్యాండిల్ బిగించే పొడుగాటి పట్టీ. ఖాళీగా ఉంది.

కానిస్టేబుల్ గుడ్డలో చుట్టిన హ్యాండిల్ తెచ్చాడు. రంగనాయకులు దాన్ని బసవేశ్వరరావు కారు బంపరులోకి దూర్చాడు. ఠక్కున పట్టుకుంది. రెండో తిప్పుకి ఇంజను గర్జించింది. 

రంగనాయకులు హ్యాండిల్ బయటికి లాగాడు. "ఆ కారుకీ హ్యాండిల్ ఉండే ఉంటుంది, ఇది దానిదే అనుకుంటారని ధీమా పడ్డారు. అసలుది దాచెయ్యాలని ఆయన డిక్కీలో వెతికే ఉంటారు. దొరక్కపోయినా అనుమానం రాలేదు. రేపల్లెలో ఆయన చెబుతూనే ఉన్నాడు. ఇంకో రెండు నిమిషాలు విని ఉంటే ఈ పొరపాటు చేసేవారు కాదు."

బసవేశ్వరరావు కారు దిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

"మా నాన్ననండీ! పోయిన మా నాన్నని పట్టుకుని! పదిమందిలో అన్నమాట వెనక్కి తీసుకోరా అని తెల్లారకుండానే వచ్చి, ఇంజను కూడా ఆపకుండా దిగి బతిమాలాను. నవ్వాడు. బొంతని జాగ్రత్తగా తోలుకెళ్లు అని నవ్వి బానెట్టు తుడుచుకుంటున్నాడు!"

అంటూనే హ్యాండిల్ లాక్కుని విసురుగా కొట్టాడు. రంగనాయకులు తల తప్పించుకున్నాడు గానీ దెబ్బ భుజం మీద దిగి ఎముక పటుక్కుమంది. రెండో దెబ్బ కారు అద్దాన్ని పగలగొట్టింది. అడ్డుపడ్డ కానిస్టేబుల్ పళ్లు రాలాయి. నలుగురు కలిసి లాఠీలతో మోకాళ్ల మీద బాదితే గానీ ఆ మనిషి నేల మీద పడలేదు. పడ్డాక కూడా నాన్న పేరే అరుస్తున్నాడు. ఆ పక్కన కారు ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది.

ఆరింటికి రంగనాయకులు భుజానికి కట్టు కట్టించుకుని ఆసుపత్రి జనరల్ వార్డులోకి వచ్చాడు. తోమాసు కుడి చేతికి మోచేతిదాకా సిమెంటు కట్టు. మూడు వేళ్లు ఇక వంగవని డాక్టరు అప్పటికే చెప్పేశాడు. స్పానరు పట్టి బతికే మనిషి.

"తోమాసుగారూ, మీరు చెప్పిందే నిజం. కేసు తీసేశాం. ఈ చెయ్యి విరగ్గొట్టిన వాళ్ల మీదా, కేక పెట్టిన గౌరీశంకరం మీదా కేసు రాశాను."

తోమాసు గోడవైపు తిరిగి పడుకున్నాడు. జవాబు రాహేలు చెప్పింది.

"మరి మీరు కొట్టిన చెంపదెబ్బ ఎక్కడ రాశారు బాబూ?"

 రంగనాయకులు జేబులోంచి పెన్ను తీసి, స్టూలు మీద కూర్చుని, వెంట తెచ్చిన కేసు డైరీలో ఆ ఉదయం పేజీ తెరిచాడు. నొప్పి పెడుతున్న భుజంతో నెమ్మదిగా, తన పేరుతో సహా, అది కూడా రాశాడు.